కత్తి ఉన్న కుట్టు మిషను

మే నెల సగం నుంచి డిసెంబరు దాకా మా ఊళ్లో బట్ట సరిగ్గా ఆరదు. నైరుతి వానలు వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం వానలు అందుకుంటాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం, వాన లేనప్పుడు చెమట. కట్టిన బట్ట రోజూ ఉతకాలి, ఉతికింది రెండు రోజులైనా దండెం మీద చెమ్మగానే వేలాడుతుంది. తడి గుడ్డని పిండి, విదిలించి, మళ్లీ మళ్లీ ఆరేస్తుంటే ముందు పాడయ్యేది పైకి కనిపించే గుడ్డ కాదు, లోపలి అంచు. కత్తెర కోసిన చోట పోగులు ఒకటొకటిగా జారతాయి. జారి జారి కుట్టు దాకా వస్తాయి. ఆ తర్వాత కుట్టు పట్టుకుని ఉండటానికి గుడ్డే ఉండదు. బయటికి కొత్తగా కనిపించే జాకెట్టు చంక దగ్గర పిగిలిపోయిందని పట్టుకొచ్చేవాళ్లకి నేను తిరగేసి చూపించేది ఇదే. దారం తెగలేదమ్మా, అంచు పోయింది.

ఈ అండమాన్ ద్వీపాల్లో దర్జీ పనికి, అంచుని కోసి చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషను ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు తెలీదు.

నేను పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఆడవాళ్ల బట్టలూ, పిల్లల యూనిఫారాలూ కుడతాను. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది, నోటికి మాత్రం ఇంకా పాతపేరే వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మా పేటలో ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ద్వీపాల మొత్తం జనం 3,80,581 అయితే, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 50 వేల పైచిలుకు. గిరాకీ మాత్రం తెలుగువాళ్లతో ఆగదు. బెంగాలీలు వస్తారు, తమిళులు వస్తారు, జార్ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన రాంచీవాళ్లు వస్తారు, క్రిస్మస్ ముందు నికోబారీలు వస్తారు. అందరితోనూ హిందీలోనే మాట. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా తడిపే వాన ఒకటే.

మా అత్త దగ్గర నేను పని నేర్చుకునేటప్పుడు అంచు కాపాడటానికి మూడు దారులు ఉండేవి. ఒకటి, అంచుని రెండు మడతలు వేసి మీద కుట్టు వేయడం. గట్టిగా ఉంటుంది, కానీ చంకలో లావై ఒరుసుకుంటుంది. రెండోది, పళ్ల కత్తెరతో కోయడం. రూబియా గుడ్డకి పరవాలేదు, జార్జెట్‌కీ టిష్యూకీ నాలుగు ఉతుకులు కూడా ఆగదు. మూడోది చేత్తో అంచు చుట్టూ కుట్టడం. అది అన్నిటికన్నా మంచిది. పెళ్లి జాకెట్లకి మా అత్త ఇప్పటికీ అదే చేస్తుంది, ఆమె చేతి కుట్టు ముందు ఏ మిషనూ నిలవదని నేను నమ్ముతాను. కానీ కొత్త తరగతులు మొదలయ్యే ముందు యూనిఫారాలు గుట్టలుగా వచ్చిపడతాయి. ఒక్కో చొక్కాకి ఎన్నో అంచులు. అన్నీ చేత్తో ఎవరు కుడతారు?

అలా వచ్చింది మా కొట్లోకి చిన్నరకం ఓవర్‌లాక్. ఒక సూది, దారాన్ని అంచు చుట్టూ అల్లే కొక్కేల్లాంటి రెండు లూపర్లు, మూడు దారాలు, ఒక మోటారు.

నేరుగా కుట్టే మిషను మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినవాళ్లకి కూడా దీని ముందు కూర్చుంటే అలవాట్లన్నీ పక్కన పెట్టాల్సి వస్తుంది. మామూలు మిషనుకి పైన రీలు, కింద బాబిన్. ఇక్కడ బాబినే లేదు. కింది దారం అయిపోయిందేమో అని మధ్యలో ఆపి చూసుకునే పని ఉండదు, మూడు కోన్లూ కళ్లెదుటే నిలబడి ఉంటాయి. మామూలు మిషను మీద కుట్టు మొదట్లోనూ చివర్లోనూ వెనక్కి కుట్టి బిగిస్తాం. దీనికి వెనక్కి వెళ్లడం రాదు. గుడ్డ లేకుండానే కుడుతుంది కూడా. సూది పలక మీద పొడుచుకొచ్చిన సన్నని నాలుక ఒకటి ఉంటుంది, దారాలు దాని చుట్టూ అల్లుకుని గొలుసుగా వెనక్కి జారిపోతాయి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు రెండు మూడు అంగుళాల గొలుసు వదలాలి, ముగిశాక మళ్లీ అంతే వదిలి కత్తిరించాలి. ఆ తోకని పెద్ద కన్నమున్న సూదితో కుట్టు లోపలికి దూర్చితేనే అది ఊడకుండా ఉంటుంది. తోకని అంచు దగ్గరే తెంపేసి వదిలేసిన బట్టని నేను చేతికి తీసుకోను.

ఇక కత్తి. ఇదే అసలు తేడా. సూది పక్కనే రెండు కత్తులు. కిందిది కదలదు, పైది సూదితో పాటే పైకీ కిందకీ ఆడుతుంది. గుడ్డ ముందు కత్తి దగ్గరికి వెళ్తుంది, కోసిన కొత్త అంచు వెంటనే సూది కిందకి వస్తుంది. కోయడమూ కుట్టడమూ ఒకే కదలికలో అయిపోతాయి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మెర్రో అనే కుటుంబం 19వ శతాబ్దంలో అల్లిక బట్టల మిల్లు నడిపేది. అల్లిక గుడ్డని కోస్తే అంచు కుట్లు జారిపోతాయి. ఆ ఇబ్బందిలోంచే వాళ్లు ఈ రకం కుట్టు మిషను కనిపెట్టారు. 1881 నాటి సంగతి ఇది. ఇవాళ మనం తొడుక్కునే ప్రతి బనియనూ, టీషర్టూ, నైటీ లోపల తిరగేసి చూస్తే కనిపించే ఆ దారాల అల్లిక అక్కడి నుంచి వచ్చిందే.

దారం ఎక్కించడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నేర్చుకోవాలని వచ్చిన ఆడపిల్లల్లో సగం మంది ఇక్కడే విసిగిపోయి మిషను కవరు కప్పేస్తారు.

మూడు దారాలకీ మూడు దారులు, బిగువు సరిచేసే మూడు బిళ్లలు. ఏది ముందు ఎక్కించినా చివరికి మూడూ కన్నాల్లోంచి బయటికి వస్తాయి కదా అనిపిస్తుంది. కాదు. ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, అన్నిటికన్నా చివర సూది. కారణం తెలిస్తే మరిచిపోరు. సూది కిందకి దిగి పైకి లేచేటప్పుడు దాని వెనక దారం చిన్న మెలికగా నిలుస్తుంది. ఆ మెలికలోకి కింది లూపర్ ఎడమ నుంచి దూరుతుంది. కింది లూపర్ దారాన్ని పై లూపర్ అందుకుని, అంచు మీదుగా పైకి తీసుకొస్తుంది. సూది మళ్లీ దిగేటప్పుడు పై లూపర్ దారాన్ని గుచ్చి పట్టేస్తుంది. ఒకరు పట్టుకున్నది ఇంకొకరు అందుకోవాలి. సూది దారం ముందే ఎక్కించి, ఆ తర్వాత కింది లూపర్‌కి ఎక్కిస్తే, సూది దారం లూపర్ కింద ఇరుక్కుంటుంది. రెండు కుట్లు పడగానే టప్పున తెగుతుంది. మళ్లీ ఎక్కిస్తారు, మళ్లీ తెగుతుంది. దారం బాగోలేదనీ, మిషను బాగోలేదనీ అనుకుంటారు. పని మధ్యలో కింది లూపర్ దారం ఒక్కటే తెగినా సరే, సూదిలోంచి దారం తీసేయాలి, లూపర్‌కి ఎక్కించాలి, ఆ తర్వాతే సూదికి. ఓపికతో చేయాల్సిన పని, దగ్గరదారి లేదు.

రంగు మార్చేటప్పుడు మాత్రం దగ్గరదారి ఉంది. పాత దారాన్ని కోను దగ్గర తెంపి, కొత్త కోను దారాన్ని దాని చివర ముడి వేయాలి. బిళ్లలు వదులు చేసి మెల్లగా లాగితే కొత్త దారం తన దారి తనే చూసుకుంటూ వస్తుంది. ముడి లూపర్ కన్నాల్లోంచి దాటుతుంది, సూది కన్నంలోంచి దాటదు. అందుకని సూది ముందు ఆపి, ముడి కత్తిరించి, చేత్తో ఎక్కించుకోవాలి. ముడి చిన్నదిగా, గట్టిగా ఉండాలి. జాలరుల పేటలో పుట్టిన పిల్లలకి ముడి వేయడం నేర్పక్కర్లేదు.

తర్వాత బిగువు. మూడు దారాలూ ఒకే రంగులో ఉంటే ఏది వదులో ఏది బిగువో కొత్తవాళ్ల కంటికి ఆనదు. అందుకే నేర్చుకునేవాళ్లకి నేను మూడు రంగులు ఎక్కించి ఇస్తాను. సూదికి నలుపు, పై లూపర్‌కి ఎరుపు, కింది లూపర్‌కి పసుపు. తెల్ల రూబియా ముక్క మీద వేయమంటాను. ఎరుపు గుడ్డ పైభాగంలోనే ఉండాలి, పసుపు కిందిభాగంలోనే ఉండాలి, రెండూ సరిగ్గా అంచు మీద కలవాలి. ఎరుపు కిందకి దిగి కనిపిస్తే పై లూపర్ వదులైంది, లేదా కిందిది మరీ బిగిసింది. పసుపు పైకి ఎక్కి వస్తే దానికి సరిగ్గా వ్యతిరేకం. నలుపు కిందివైపు ఉచ్చులుగా కనిపిస్తే సూది బిగువు చాలలేదు. అలాంటి కుట్టుతో రెండు ముక్కలు కలిపితే మధ్యలో ఖాళీ తెరుచుకుంటుంది. అంచు లోపలికి ముడుచుకుంటే లూపర్లు మరీ బిగించారని అర్థం. దారాలు అంచు దాటి గాలిలో వేలాడుతుంటే లూపర్లు వదులుగానైనా ఉండాలి, కత్తి ఎక్కువ కోస్తూనైనా ఉండాలి. ఒక్కసారికి ఒక్క బిళ్లే తిప్పాలి, అదీ పావు చుట్టు. ఆ తర్వాత ముక్క మీద వేసి చూడాలి. రెండు బిళ్లలు ఒకేసారి తిప్పేస్తే ఏది దేన్ని బాగుచేసిందో ఇక తెలీదు.

ఒక మాట. ఏ గుడ్డకి ఏ బిళ్ల ఎక్కడుందో సుద్దతో గీత పెట్టుకోమని కొందరు చెబుతారు. మా దగ్గర అది పనిచేయదు. గాలిలో చెమ్మ మారితే దారం నడక మారుతుంది. నిన్న కుదిరిన బిగువు ఇవాళ కుదురుతుందన్న నమ్మకం లేదు. పొద్దున్నే మోటారు వేయగానే చిత్తు ముక్క మీద ఒక జాన కుట్టి చూడటమే దారి.

ఓవర్‌లాక్ మీద చేతి పని నాకు నేర్పింది మా పిన్ని కూతురు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ వాళ్ల బట్టల తయారీ కేంద్రం ఉంది. వెయ్యి ఎకరాల్లో కట్టిన ఊరంత ఫ్యాక్టరీ అది, వేల మంది పనిచేస్తారు, అందులో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. మా చెల్లి అక్కడ ఓవర్‌లాక్ లైనులో కూర్చుంటుంది. విశాఖ ఓడ ఎక్కితే మాకు మెయిన్‌ల్యాండ్ మూడు రోజుల ప్రయాణం, ఆ ఓడ కూడా కోరినప్పుడు ఉండదు. అలా వెళ్లినప్పుడు వాళ్లింట్లో ఉన్న మిషను మీద కూర్చోబెట్టి చూపించింది. ఫ్యాక్టరీ మిషన్లు నిమిషానికి 5,000 కుట్ల పైన పరిగెడతాయి. ఆ వేగంలో ఎనిమిది గంటలు కూర్చునే మనిషి చెప్పే మాటకి బరువుంటుంది.

"అక్కా, కళ్లు సూది మీద పెట్టకు. కత్తి మీద పెట్టు" అంది మొదట. "సూది దగ్గరికొచ్చిన గుడ్డ అప్పటికే కోసేసి ఉంటాది. దాన్ని చూసి ఏటి సేస్తావు?"

అది నా పనిని మార్చిన మాట. నేరు మిషను మీద చూపు సూది మీదే ఉంటుంది, అక్కడ తప్పేం లేదు, కుట్టు విప్పుకోవచ్చు. ఇక్కడ నిర్ణయం సూది కన్నా అంగుళం ముందే జరిగిపోతుంది. ఎడమచెయ్యి గుడ్డ మీద పరిచి, కుడిచెయ్యి అంచుని కత్తికి అందిస్తూ ఉండాలి. గుడ్డని ముందుకి తోయనక్కర్లేదు, వెనక నుంచి లాగనక్కర్లేదు. కింద పళ్లున్నాయి, అవి తీసుకుంటాయి. చంక వంపు వచ్చినప్పుడు గుడ్డని తిప్పడం కాదు, మిషను పాదం ముందున్న రెండు అంగుళాల మేర వంపుని తిన్నగా సర్దుకోవాలి. కత్తికి ఎప్పుడూ తిన్నని గీతే కనిపించాలి. కుర్తీ పక్క చీలిక దగ్గర లోపలి మూల వస్తుంది చూడండి, అక్కడ కూడా అదే కిటుకు. మూలని మడిచి గీతగా చేసి పంపి, దాటాక మడత విప్పాలి. గుండుసూదులు మాత్రం అంచు పక్కన ఉండకూడదు. కత్తి గుండుసూదిని తాకిందంటే పదును పోవడమే కాదు, విరిగిన ముక్క కంటికేసి ఎగురుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. కళ్లజోడు పెట్టుకునే కుట్టమని మా పిల్లలకి చెబుతాను.

అయితే మా చెల్లి పనికీ నా పనికీ ఒక దగ్గర దారులు వేరయ్యాయి. ఈ వ్యాసం రాయాలనిపించింది కూడా దాని గురించే.

ఫ్యాక్టరీలో నాలుగు దారాల మిషను ఒకేసారి రెండు ముక్కలని కలుపుతుంది, మిగిలిన గుడ్డని కోసేస్తుంది, అంచుని చుట్టేస్తుంది. లోపల మిగిలేది పావు అంగుళం. చూడటానికి ఎంత బాగుంటుందో! రెడీమేడ్ బట్ట లోపలివైపు శుభ్రంగా ఉండటానికి కారణం అదే. కానీ ఆ బట్ట ఒకే ఒంటికి, అదీ ఒకే ఏడాదికి కుట్టినది. బిగువైతే ఇంకొకటి కొనుక్కోవాలి.

మన జాకెట్టు అలా పుట్టలేదు. తెలుగు ఇళ్లలో జాకెట్టు కుట్టించుకునే ఆడది కొలతలు ఇచ్చాక చివర్న తప్పకుండా అనే మాట ఒకటుంది: "లోపల గుడ్డ వదలమ్మా." పక్క కుట్ల దగ్గర ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం వదులుతాం. ఆ వదిలిన గుడ్డలో రెండు మూడు కుట్లు వరసగా వేస్తాం. ఒళ్లొస్తే ఒక కుట్టు విప్పుతుంది, తగ్గితే మళ్లీ వేయించుకుంటుంది. కాన్పు ముందు విప్పిన కుట్టు కాన్పు తర్వాత ఏడాదికి వేయించుకున్నవాళ్లున్నారు. తల్లి పెళ్లి జాకెట్టు కూతురు ఒక్క రోజుకైనా వేసుకోగలిగిందంటే ఆ అంగుళం పుణ్యమే. పిల్లల యూనిఫారం కింద మడతా అంతే. మా గిరాకీలో చాలామందివి ఓడ మీదా, పడవ మీదా, కూలీ మీదా బతికే ఇళ్లు. ఏటా కొత్త గౌను కొనలేని తల్లి మడత విప్పించి ఇంకో ఏడాది గడుపుతుంది.

ఈ అంగుళాన్ని కత్తి ఉన్న మిషను క్షణంలో మింగేస్తుంది. దానికి తెలిసిందల్లా అంచు దాటిన గుడ్డని కోయడమే. కాబట్టి ఓవర్‌లాక్ నేర్చుకోవడమంటే దారం ఎక్కించడం, బిగువు చూడటం మాత్రమే అని నేను అనుకోను. ఏ అంచు దగ్గర కత్తికి గుడ్డ ఇవ్వాలి, ఏ అంచు దగ్గర ఇవ్వకూడదు అనే తీర్పు నేర్చుకోవాలి.

నేను పాటించే పద్ధతి చెబుతాను. జాకెట్టు పక్కలని కలిపాక ఓవర్‌లాక్ వేయను. ముందు, వెనక భాగాలు విడివిడిగా ఉన్నప్పుడే, వదిలిన గుడ్డంతా ఉంచి, చిట్టచివరి అంచుకి వేస్తాను. కత్తి అక్కడ తెంపాల్సింది పోగులని మాత్రమే, గుడ్డని కాదు. ఆ తర్వాత నేరు మిషను మీద పక్కలు కలుపుతాను. అప్పుడు లోపల రెండు అంచులూ వేటికవి చుట్టి ఉంటాయి, తెరిచి ఇస్త్రీ చేస్తే చదునుగా పడుకుంటాయి, ఎప్పుడు విప్పినా లోపలి కుట్లు కదలవు. లైనింగ్ జాకెట్టు అయితే లైనింగ్ గుడ్డ ముందు తడిపి ఆరబెట్టి, పైగుడ్డతో కలిపి, రెండింటికీ ఒకే అంచుగా వేస్తాను. భుజం దగ్గర మాత్రం కలిపాకే వేస్తాను. అక్కడ ఎవరూ వదులు చేయించుకోరు, లావుండకపోవడమే ముఖ్యం. చంక చుట్టూ చెయ్యి అతికించాక రెండూ కలిపి వేస్తాను. కానీ పక్క కుట్టు చంకకి తగిలే చోట వదిలిన గుడ్డ కత్తికి పోకుండా చూసుకోవాలి. చంక కింద ఆ మూల పోతే, పక్క కుట్టు కింద ఎంత గుడ్డ ఉన్నా పైన విప్పడానికి రాదు. పట్టు జాకెట్టూ, టిష్యూ జాకెట్టూ అయితే కత్తి పక్కన గుడ్డ నిలువు పోగు వెంట ఉందో లేదో చూసి మరీ వేస్తాను, ఆ రకాల్లో అంచు నిమిషంలో విచ్చుకుంటుంది.

ఇలా విడివిడిగా వేస్తే పని రెట్టింపు. దారమూ రెట్టింపే. మామూలు కుట్టు మీటరుకి రెండున్నర మీటర్ల దారం తింటే, మూడు దారాల ఓవర్‌లాక్ మీటరుకి దాదాపు 14 మీటర్లు తింటుంది. ఇది కుట్టుపని లెక్కల్లో అందరూ ఒప్పుకునే కొలత. ఒక జాకెట్టు లోపల ఎన్ని మీటర్ల అంచు ఉందో లెక్కేసుకోండి. మాకు సూది నుంచి కోను దాకా అన్నీ చెన్నై నుంచో కోల్‌కతా నుంచో విశాఖ నుంచో సముద్రం దాటి రావాలి. తెల్లదారం అయిపోయి ఓడ ఇంకా రాలేదంటే లేత గోధుమ రంగుతో సర్దుకుంటాం. అందుకే ప్రతి గుడ్డకీ రంగు కలిపే పని పెట్టుకోను. తెలుపు, నలుపు, లేత గోధుమ, బూడిద రంగు, ఈ నాలుగూ ఉంటే లోపలివైపు ఏ గుడ్డకైనా నప్పుతాయి. సూది దారం ఒక్కటి గుడ్డ రంగుకి దగ్గరగా పెడితే బయటికి తొంగి చూసినా తెలీదు.

ఇప్పుడు నేర్చుకునే పిల్లలు ముందు ఫోనులో వీడియోలు చూసి వస్తారు. అది మంచిదే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చేదాకా మా ఇంటర్నెట్ ఉపగ్రహం మీదే నడిచేది. వీడియో అనేది చూసేది కాదు, ఎదురుచూసేది. అప్పట్లో మిషను గురించి సందేహం వస్తే బాగుచేసే మేస్త్రీయే గురువు. ఇప్పుడు హిందీలో, తెలుగులో, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో దారం ఎక్కించి చూపిస్తున్నారు. కానీ ఆ వీడియోల్లో ఎక్కువ భాగం టీషర్టు కుట్టు, ఫ్యాక్టరీ కుట్టు. ముక్కలు రెండూ కలిపి కత్తి కింద పెట్టి సర్రున లాగేస్తారు. వాటిని చూసి వచ్చిన పిల్ల చేతికి జాకెట్టు ఇస్తే మొదట చేసేది వదిలిన గుడ్డ కోసేయడమే. ఆమె తప్పేం లేదు. చూపించినవాళ్లకి మన జాకెట్టు తెలీదు.

బనియన్ గుడ్డ సంగతి వేరు. అక్కడ ఫ్యాక్టరీ పద్ధతే సరైనది. సాగే గుడ్డకి నేరు కుట్టు వేస్తే తల దూర్చేటప్పుడు దారం తెగుతుంది, ఓవర్‌లాక్ కుట్టు గుడ్డతో పాటు సాగుతుంది. చిన్నరకం మిషన్లలో పళ్లు ఒకే వరస, గుడ్డ సాగి అంచు అలలు అలలుగా వస్తుంది. పెద్దవాటిలో ముందు పళ్లూ వెనక పళ్లూ వేర్వేరు వేగంతో నడిచేలా సర్దుకోవచ్చు. మా దగ్గర నైటీల కుట్టు ఎక్కువే కనుక అలాంటిది ఒకటి ఉంటే బాగుంటుందని నాకూ ఉంది.

ఉప్పుగాలి గురించి చెప్పకపోతే మా ఊరి మిషను గురించి చెప్పినట్టు కాదు. సముద్రం ఇంత దగ్గర ఉన్నచోట వాడని సూది వారంలో మచ్చపడుతుంది. మచ్చపడ్డ సూది జార్జెట్ పోగుని పట్టి లాగుతుంది. సూదులు నూనె గుడ్డలో చుట్టి గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. ఓవర్‌లాక్ కోసిన గుడ్డ పొట్టు లూపర్ల చుట్టూ చేరుతుంది, ఆ పొట్టు చెమ్మ పీలుస్తుంది, చెమ్మ తుప్పు పట్టిస్తుంది. రోజూ పని ముగిశాక కుంచెతో ఊడ్చి, తర్వాతే నూనె వేయాలి. పొట్టు తీయకుండా నూనె వేస్తే అది ముద్దగా మారి లూపర్‌ని బిగదీస్తుంది. మర్నాడు మొదటి కుట్లు చిత్తు గుడ్డ మీద వేసి నూనె చుక్కలు దానికి పట్టించాలి. కింది కత్తి సింథటిక్ గుడ్డని కోయకుండా నమిలినట్టు చేస్తోందంటే సానకి ఇచ్చే వేళయిందని. ఇక కరెంటు. దక్షిణ అండమాన్‌లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే వస్తుంది. అది పోయిందంటే ఓవర్‌లాక్ ఆగుతుంది, తొక్కుడు మిషను ఆగదు. రెండూ పక్కపక్కన పెట్టుకోవడం అందుకే.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. శిక్షణతో పాటు పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం ఇస్తారు. ఏం కొనుక్కోవాలక్కా అని పిల్లలు వచ్చి అడుగుతుంటారు. ఇంట్లో ఇప్పటికే తొక్కుడు మిషను ఉంటే ఇంకో నేరు మిషను కొనొద్దు, మోటారుతో చిన్న ఓవర్‌లాక్ కొనమని చెబుతాను. సొంత కొట్టు లేకపోయినా, చుట్టుపక్కల దర్జీల బట్టలకి అంచులు వేసిపెట్టినా ఆడపిల్లకి రోజు గడుస్తుంది. పీకో, ఫాల్ వేసి బతికినట్టే దీంతోనూ బతకొచ్చు.

నా దగ్గర కూర్చున్న పిల్లలకి గిరాకీ బట్ట ఇచ్చే ముందు చిన్న పరీక్ష పెడతాను. రూబియా ముక్క మీద మూడు రంగుల కుట్టు, జార్జెట్ ముక్క మీద చంక వంపు, కుర్తీ చీలిక లోపలి మూల. ఇవి చాలామందికి త్వరగానే వస్తాయి. ఆఖర్న, ఓవర్‌లాక్ వేసిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి ఒక పక్క అంచు కుట్టు పూర్తిగా విప్పమంటాను. సూది దారాన్ని నాలుగు కుట్లకోసారి తెంపుకుంటూ పోతే లూపర్ దారాలు వాటంతటవే పొడుగ్గా ఊడివస్తాయి, గుడ్డకి గాటు పడదు. ఆ అంచుకే మళ్లీ కుట్టు వేయాలి. ఈసారి కత్తికి గుడ్డ పోగు కూడా దక్కకూడదు. తర్వాత నేరు కుట్టు విప్పి, పక్కలని అరంగుళం వదులు చేసి తొడుక్కోవడానికి వీలుగా ఇవ్వాలి. అది వచ్చిన రోజున రాంచీబస్తీ నుంచి వచ్చిన యూనిఫారమైనా, మా పేట పెళ్లికూతురి జాకెట్టయినా తీసి ఆమె ముందు పెడతాను.